ఒడ్డున ఎన్ని చేతులు

పడవలు చూసి చెప్పడం నా వృత్తి. ముప్పై ఏళ్లకు పైగా అదే చేశాను. ఎవరైనా పడవ కొనుక్కోవాలనుకుంటే నన్ను పిలిచేవారు. నేను వెళ్లి అడుగు నుంచి ఇంజిన్ దాకా చూసి, కొనవచ్చో కూడదో చెప్పేవాణ్ణి. వేట మీద బతికేవాళ్లకి నాతో పనిలేదు. పడవ సంగతి వాళ్లకి నాకంటే బాగా తెలుసు. నన్ను పిలిచేది సరదాకి గాలం వేసేవాళ్లు. స్టీల్ ప్లాంటులో రిటైరైనవాళ్లు, పోర్టు ఆఫీసర్లు, డాక్టర్లు, ఈమధ్య మధురవాడ సాఫ్ట్‌వేర్ పిల్లలు.

ఇప్పుడు ఈ పనిలోకి చదువుకున్న కుర్రాళ్లు, అమ్మాయిలు వస్తున్నారు. సంతోషం. వాళ్ల దగ్గర మా కాలంలో లేని పరికరాలున్నాయి. రిపోర్టు ఎలా రాయాలో వాళ్లకి నేను నేర్పక్కర్లేదు. వాళ్లకి పనికొచ్చేది నా దగ్గర ఒకటే ఉంది, నేను చేసిన తప్పు. ఆ తప్పు వల్ల ఒక మంచి మనిషి పోయాడు. నా రిపోర్టులో మాత్రం ఒక్క అక్షరం తప్పు లేదు.

సుత్తి, చెవి

ముందు మంచి మాటలు రెండు చెప్పుకుందాం.

నా సంచిలో అరచేతిలో ఇమిడే చిన్న సుత్తి ఉండేది. ఫైబర్ పడవ అడుగున జానెడుకొక చోట దానితో తట్టుకుంటూ పోవాలి. గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది. లోపల పొర విడిపోయి నీరు పట్టినచోట ఆ శబ్దం మెత్తబడిపోతుంది. ఇది నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. కొత్త రంగు చూసి మురిసిపోవద్దు. పాత పడవకి అమ్మేముందు కొత్త రంగు వేశారంటే కింద ఏదో దాచారనే అనుకోవాలి. అమ్మేవాడు పక్కన నిలబడి కబుర్లు చెబుతుంటే మొహమాటపడకుండా, బాబూ నువ్వలా టీ తాగి రా అనాలి. వాడి కబుర్ల మధ్య సుత్తి మాట వినపడదు.

ఖాళీ పడవతో ట్రయల్ వెయ్యొద్దు, రోజూ ఎక్కబోయేవాళ్లంత బరువుతో వెయ్యాలి. మధురవాడ నుంచి ముగ్గురు కుర్రాళ్లు వచ్చి ట్రయల్ చూసుకుని ఒక చిన్న పడవ కొన్నారు. మర్నాటి ఆదివారమే తొమ్మిది మంది ఎక్కారు. ఐసు పెట్టె ఒకటి, పాటలు పెట్టుకునే డబ్బా ఒకటి, బిర్యానీ పొట్లాలు. హార్బర్ దాటిన కాసేపటికి ఇంజిన్ దణ్ణం పెట్టేసింది. వేట నుంచి వస్తున్న బోటువాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. ఎండకి మాడిన వంకాయల్లా జెట్టీ మీద దిగి, “అంకుల్, మీరు బాగుందన్నారుగా” అని నన్నే అడిగారు. ముగ్గురికి బాగుందన్నాను నాయనా, పెళ్లివారికి అనలేదు అని చెప్పి పంపాను. ఆ రోజు అందరం నవ్వుకున్నాం. అలాంటి తప్పులు నవ్వుకోవడానికి పనికొస్తాయి.

మేస్త్రి అడిగే మాట

నేను విజయనగరం వైపు రైతు కుటుంబంలోంచి వచ్చినవాణ్ణి. పాలిటెక్నిక్ చదివి, ఫిషింగ్ హార్బర్ వెనక ఐసు ఫ్యాక్టరీల పక్కన ఉన్న ఒక పడవల షెడ్డులో చేరాను. ఆ షెడ్డు నూకరాజు మేస్త్రిది. సంతకం తప్ప ఇంకేమీ రాయలేడు. నోరు మహా చెడ్డది. కానీ ఆయన కట్టిన పడవ తిరగబడిందని నేనెప్పుడూ వినలేదు.

పడవ కావాలని ఎవరొచ్చినా మేస్త్రి మొదట అడిగే మాట ఒకటే. “ఒడ్డున ఎన్ని సేతులున్నాయిరా?”

అంటే, వేట నుంచి తిరిగొచ్చినప్పుడు నీ పడవ తాడు పట్టి ఇసక మీదికి లాగేవాళ్లు ఎంతమంది అని. మా తీరంలో పల్లెలన్నిటికీ జెట్టీలు లేవు. పడవ కెరటం మీద వచ్చి ఇసకకి ముక్కు ఆనించగానే, వెనక కెరటం అందుకునేలోపు పైకి లాగెయ్యాలి. ఆలస్యమైతే పడవ అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన పడవని తర్వాతి కెరటం బోర్లా వేస్తుంది. అందుకే ఆ జవాబు విన్నాకే మేస్త్రి పడవ పొడవు చెప్పేవాడు. “నువ్వు సేతులు సెప్పు, పొడుగు నాను సెప్తాను” అనేవాడు.

ఒకసారి ఒక జాలరి వచ్చి, మా అన్న పడవంత పడవే నాకూ కావాలన్నాడు. అన్నదమ్ములు అప్పుడే వేరుపడ్డారు. మేస్త్రి ఒప్పుకోలేదు. “కలిసున్నప్పుడు తాడు పట్టినోల్లు వేరు, ఇప్పుడు పట్టేటోల్లు వేరు. నీకు నాలుగడుగులు తక్కువుండాల. కాదంటే ఇంకో షెడ్డుకెల్లు” అన్నాడు. వచ్చిన బేరం పోయింది. అప్పుడు నాకు ఒళ్లు మండింది.

“మేస్త్రీ, పడవకి లెక్కంటే బరువు, ఇంజిను, నీటి లోతు. చేతుల లెక్కేమిటి?” అన్నాను.

ఆయన చుట్ట ఆర్పి నా వైపు చూశాడు. “ఓరి నాయుడూ, పడవ సముద్రంలో మునగదురా. ఒడ్డున మునుగుద్ది. నాను సూసిన సావులు సేనా మోకాల్లోతు నీల్లలోనే.”

నేను విన్నాను కానీ పట్టించుకోలేదు. డిప్లొమా ఉన్నవాణ్ణి కదా. తర్వాత సొంతంగా పడవలు చూసే పని మొదలుపెట్టాక ఆ మాటతో అవసరమే పడలేదు. సరదాకి పడవ కొనేవాళ్లు దాన్ని జెట్టీకి కట్టుకుంటారు, లేదా బండి మీద ఎక్కించి ఇంటికి తీసుకుపోతారు. తాడు పట్టే చేతులతో వాళ్లకి పనేముంది? మేస్త్రి పోయి చాలా ఏళ్లయింది. ఆయన ప్రశ్న కూడా ఆయనతోనే పోయిందనుకున్నాను.

పదహారా, ఇరవై రెండా

సత్యనారాయణ గారిది భీమవరం దగ్గర ఒక పల్లె. స్టీల్ ప్లాంటులో క్రేను నడిపి రిటైరయ్యారు. గాజువాకలో ఇల్లు కట్టుకున్నారు. చిన్నప్పుడు కాలవ గట్టు మీద కూర్చుని గాలం వేసిన రుచి ఆయన్ని జీవితమంతా వదల్లేదు. రిటైరయ్యాక సముద్రంలో గాలం వేస్తానని సర్వీసంతా అనుకుంటూ గడిపిన మనిషి. నన్ను పిలిచినప్పుడు ఆయన మొహంలో పెళ్లికొడుకు కళ ఉంది.

అప్పటికి రెండు పడవలు చూసుకున్నారు. ఒకటి పదహారడుగులది, ఒక డాక్టరు గారు అమ్ముతున్నారు. రెండోది ఇరవై రెండడుగులది, ఒక హోటలాయనది. రెండూ ఫైబరువే, రెండూ ఆయనకి అందుబాటులో ఉన్నవే. ఏది తీసుకోవాలో తేల్చడం నా పని.

హార్బరులో పడవ కట్టుకోవడానికి ఆయనకి చోటు దొరకలేదు. యారాడ దాటాక ఒక చిన్న పల్లెలో తాతారావు అనే జాలరి ఆయనకి స్నేహితుడు. వాళ్ల పడవల పక్కనే ఇసకలో పెట్టుకోమన్నాడట. ఈ సంగతి సత్యనారాయణ గారు మొదటి రోజే నాకు చెప్పారు. చెప్పలేదని నేను అబద్ధమాడలేను.

రెండు పడవలూ సుత్తితో తట్టి చూశాను. రెండూ గట్టివే. మాఘమాసం, సముద్రం పెరుగులా పేరుకుని ఉంది. ఆయన్నీ, ఆయన భార్య వరలక్ష్మి గారినీ ఎక్కించుకుని ముందు చిన్నదాన్ని హార్బర్ నోరు దాటించి, డాల్ఫిన్ నోస్ కొండ కిందుగా తిప్పాను. పెద్ద ఓడ ఒకటి పోతే దాని కెరటానికి మా పడవ టపటపా కొట్టుకుంది. ఆవిడ చీర తడిసిపోయింది. తర్వాత పెద్దదాన్ని అదే దారిలో తిప్పాను. ఆ పడవ కెరటాన్ని కోసుకుంటూ పోయింది. ఆవిడ చేతిలో ఫ్లాస్కు మూత కూడా కదల్లేదు.

“సందేహం లేదండీ. సముద్రంలో పెద్దదే భద్రం. ఇరవై రెండు తీసుకోండి” అన్నాను.

“మీరెలాగంటే అలాగేనండి. నాదేవుందండి, కాలవలో జెల్లలు పట్టినోణ్ణి” అన్నారు ఆయన, సంతోషంగా.

వరలక్ష్మి గారు జెట్టీ మెట్ల మీద కూర్చుని చీర కొంగు పిండుకుంటున్నారు. తలెత్తి నన్నడిగారు. “ఇంత పెద్దదాన్ని ఇసక మీదికి లాగడానికి ఎంతమంది కావాలండీ?”

నేను నవ్వాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ నవ్వు నాకు గుర్తుంది. పెద్దమనిషి తరహాగా, దయగా నవ్వాను. “అమ్మా, పల్లెలో చేతులకి కరువా? ఒక్క కేకేస్తే ఊరంతా వస్తుంది” అన్నాను.

“రోజూ వస్తారాండీ?” అన్నారు ఆవిడ.

ఆ మాటకి నేను జవాబు చెప్పలేదు. సత్యనారాయణ గారితో ఇంజిన్ ఆయిలు గురించి మాట్లాడుతున్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నా మేస్త్రి నలభై ఏళ్లు అడిగిన ప్రశ్నని, జీవితంలో మొదటిసారి పడవెక్కిన ఆవిడ ఒక్క ట్రయలుకే అడిగింది. నేను వినిపించుకోలేదు.

తాడు పట్టినవాడికి చేప

ఆ తర్వాత జరిగింది నాకు తాతారావు చెప్పాడు. ఆయన ఎప్పుడూ సత్యనారాయణ గారికి తోడుగా పడవలో వెళ్లేవాడు.

ఆ తీరంలో ఒక పద్ధతి ఉంది. ఎవరి పడవ ఒడ్డుకొచ్చినా, తాడు మీద చెయ్యి వేసినవాడికి చేప ఇవ్వాలి. పిలిచారా, పిలవకుండా వచ్చారా అని చూడరు. తాడు ముట్టుకుంటే వాటా ఉన్నట్టే. వల వేసేవాడికి అదేం బరువు కాదు, బుట్టలు బుట్టలు పడతాయి. గాలం వేసే సత్యనారాయణ గారికి ఒకరోజు మూడు చేపలు, ఒకరోజు ఒకటి, ఒక్కోరోజు ఏమీ ఉండేది కాదు.

మొదటి రోజుల్లో ఊరంతా ఉత్సాహంగా వచ్చి లాగారట. బోలెడుమంది నిలబడి ఉంటే ఆయన చేతిలో రెండు చేపలున్నాయి. సిగ్గుతో తలెత్తలేకపోయాడు. డబ్బులివ్వబోతే వాళ్లు నొచ్చుకున్నారు. “తాడు పట్టడానికి కూలేటి బాబూ, మేం కూలోల్లమా” అన్నారు. చేప లేకపోయినా ఫర్వాలేదన్నారు కూడా. వాళ్ల తప్పు వెంట్రుకంతైనా లేదు. ఆయనదే మొహమాటం. గోదావరి జిల్లా మర్యాద అది, ఒకరి చేత ఊరికే పని చేయించుకోవడం ప్రాణం మీదికొచ్చినట్టుంటుంది వాళ్లకి.

అందుకని ఆయన వేళ మార్చుకున్నాడు. జాలర్లు తెల్లవారకముందే వేటకెళ్లి, పొద్దెక్కాక వచ్చి, తిని పడుకుంటారు. సరిగ్గా వాళ్లు పడుకునే వేళకి, మిట్టమధ్యాహ్నం, ఈయన ఒడ్డుకి రావడం మొదలుపెట్టాడు. ఎవర్నీ కదిలించకుండా, ఇసకలో మేలుకుని ఉన్న ఇద్దరు ముగ్గురితో సరిపెట్టుకునేవాడు. సముద్రం నెమ్మదిగా ఉన్నన్నాళ్లూ కిందామీదా పడి లాగేశారు.

చేతులు తక్కువవుతున్నాయని గమనించింది వరలక్ష్మి గారు. గాజువాక నుంచి ఆటోలో కొండ దాటి, ఆయన వచ్చే వేళకి పల్లెకి చేరేది. చీర బిగించి తాడు పట్టేది. అరవై దాటిన మనిషి. మొదట్లో పల్లె ఆడవాళ్లు నవ్వారట. తర్వాత మజ్జిగ ఇచ్చేవారట.

ఆ మధ్యాహ్నం

ఆషాఢం గాలి మొదలైంది. ఉదయం బాగానే ఉన్న సముద్రం మధ్యాహ్నానికి లేచింది. కెరటాలు విరిగే చోటికి అవతలే, లోతు నీళ్లలో పడవ ఆపి, తాతారావు ఒడ్డు వైపు చూశాడు. వల బాగుచేసుకుంటున్న ముగ్గురున్నారు. పక్కన వరలక్ష్మి గారు.

“నాను సెప్పినాను బాబూ” అన్నాడు తాతారావు నాతో. “సారూ, కెరటం పెద్దగున్నాది, రవ్వసేపు ఇక్కడే ఆగుదుం, ఒడ్డునున్నోల్లెవరైనా ఎల్లి మనుసుల్ని లేపుకొత్తారు అన్నాను. సారేటన్నారో తెలుసా? ఎందుకు తాతారావూ, పొద్దున్నించీ వేట చేసొచ్చి పడుకున్నారు, ఇయ్యాల సేపలు కూడా లేవు, ఏ మొగం పెట్టుకుని లేపమంటావ్ అన్నారు.”

వచ్చేశారు. పడవ ముక్కు ఇసకకి తగిలింది. నలుగురూ తాడు పట్టారు. పడవ కదల్లేదు. వెనక కెరటం వచ్చి పడవని అడ్డం తిప్పింది. తాడు జారింది. ముగ్గురు మగవాళ్లు వదిలి పక్కకి గెంతారు, అది వాళ్లకి పుట్టుకతో తెలుసు. వరలక్ష్మి గారు వదల్లేదు. తాడుతో పాటు నీళ్లలోకి ఈడ్చుకుపోయింది.

అడ్డం తిరిగిన పడవలోంచి దిగాలంటే సముద్రం వైపే దిగాలి. ఒడ్డు వైపు దిగితే పడవ మన మీదికే వస్తుంది. తాతారావు సముద్రం వైపే దూకాడు. సత్యనారాయణ గారికి అది తెలుసు, తాతారావు వందసార్లు చెప్పాడు. కానీ ఆవిడ ఒడ్డు వైపు పడి ఉంది. ఆయన అటే దూకారు. ఆవిడని పక్కకి తోసేశారు. తర్వాతి కెరటం పడవని ఆయన మీద వేసింది. నీళ్లు మోకాళ్ల దాకా కూడా లేవట.

పది రోజుల తర్వాత నేను ఆ పల్లెకి వెళ్లాను. పడవ ఇసకలో పక్కకి ఒరిగి ఉంది. ఏం చెయ్యాలో తెలియక సంచిలోంచి సుత్తి తీశాను. ముక్కు నుంచి వెనక దాకా జానెడుకొకచోట తట్టాను. ప్రతిచోటా టక్కుమంది. ఒక్క పొర కూడా విడలేదు. నేను చెప్పింది నిజమే, పడవ చాలా గట్టిది. అక్కడే కూలబడి ఏడ్చాను. తాతారావు నా పక్కన కూర్చున్నాడు గానీ ఊరుకోమని అనలేదు.

తర్వాత నేను అడిగింది

ఆ తర్వాత మరో నాలుగేళ్లు పని చేశాను. పడవ చూడ్డానికి పిలిస్తే ముందు పడవ ఉంచే చోటు చూపించమనేవాణ్ణి. జెట్టీ అయితే సరే. ఇసక అయితే, ఏ వేళకి తిరిగొస్తావు, ఆ వేళకి ఒడ్డున ఎవరుంటారు, వాళ్ల పేర్లు చెప్పు అనేవాణ్ణి. పేర్లు చెప్పలేనివాడికి పడవ వద్దని చెప్పేవాణ్ణి. కొంతమంది, ముసలాయనకి చాదస్తం వచ్చిందన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది, నాకు తెలుసు. కానీ మీ చేతులు ఇంకా కాలలేదు కదా, అందుకే చెబుతున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఏమీ తెలియని మనిషి మీ ముందు ఏదైనా అడిగితే నవ్వకండి. తెలిసినవాళ్లం మనం పడవని చూస్తాం. తెలియనివాళ్లు అందులో వెళ్లే మనిషిని చూస్తారు. వాళ్లకి భయం ఎక్కువ, ఆ భయానికి కళ్లున్నాయి. నా కంటికి ఆ రోజు ఇరవై రెండడుగుల పడవ తప్ప ఏమీ కనపడలేదు.

గాజువాకలో

ఆయన పోయాక వరలక్ష్మి గారి ఇంటికి వెళ్లడానికి నాకు మూడు నెలలు పట్టింది. రెండుసార్లు వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చాను. మూడోసారి ఆవిడే గేటు దగ్గర నిలబడి ఉంది, తప్పించుకోలేకపోయాను.

లోపలికి రమ్మంది. కాఫీ ఇచ్చింది. కుడి అరచేతిలో తాడు కోసిన గాటు మానింది కానీ వేళ్లు పూర్తిగా ముడవడం లేదు. గ్లాసు ఎడం చేత్తో అందించి, “ఏవనుకోకండి, ఎడం చెయ్యి” అంది. గోడకి ఆయన గాలం కర్రలు వరసగా ఆనించి ఉన్నాయి. దుమ్ము లేదు, రోజూ తుడుస్తోంది.

క్షమించమని అనబోయాను. ఆవిడ అడ్డుపడింది.

“మీరు మంచి పడవే చెప్పారండి. ఆయన రోజూ అనేవారు, నాయుడు గారు భలే పడవ చూసిపెట్టారని” అంది.

ఆ మాట తిట్టు కన్నా ఎక్కువ నొప్పి పెట్టింది. పడవ ఎవరికైనా చూసి అమ్మి పెట్టమని అడిగింది. జెట్టీ ఉన్నవాళ్లకే ఇవ్వమంది. సరేనన్నాను.

లేచి గుమ్మం దాకా వచ్చాను. ఆవిడ వెనక నుంచి పిలిచింది.

“నాయుడు గారూ, నేను తాడు వదల్లేదండి. వదిలేసుంటే ఆయన ఇటు దూకేవారు కాదు. కానీ ఉన్నదే నలుగురం కదా, నేను కూడా వదిలేస్తే ఎలాగా అనుకున్నానండి.”

గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

“ఆ రోజు జెట్టీ మీద మిమ్మల్ని ఒకటడిగాను. గుర్తుందాండీ?” అంది.

“గుర్తుందమ్మా.”

“చెప్పండి. ఎంతమంది కావాలండీ?”

ఈసారి జవాబు చెప్పకుండా వెళ్లే హక్కు నాకు లేదు. “పెద్దదానికి ఎనిమిది మంది కావాలమ్మా” అన్నాను.

“చిన్నదానికో?”

నేను తలదించుకునే చెప్పాను. “నలుగురు చాలు.”

ఆవిడ లోపలి గోడ వైపు తిరిగింది. ముడవని వేళ్లని ఎడమ చేత్తో నిమురుకుంటూ, నాకు చెబుతున్నట్టు కాదు, గోడకున్న గాలం కర్రలకి చెబుతున్నట్టు అంది.

“నాతో కలిపి నలుగురం ఉన్నామండీ ఆ రోజు.”